ఒక్క మనిషి పడవ

పోయిన వారం సోఫియాను మనం క్లబ్బువారి మీటింగు హాలు మెట్ల మీద వదిలేశాం. చేతిలో సంతకాలైన కాగితం, మొహం నిండా గెలిచిన నవ్వు. ఆ నవ్వు ఎంతసేపు నిలిచిందో చూసేముందు, బస్సు మధ్యలో ఎక్కినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి.

హుకుంపేట దాటాక, కొండల లోపలికి, నేరేడుపుట్టు అని ఓ చిన్న ఊరు. ఊరి కింద రిజర్వాయరు. అందులో ఈ ఆదివారం కయాక్ చేపల పోటీ. కయాక్ అంటే ఒక మనిషి కూర్చుని నడుపుకునే సన్నటి పడవ. అందులో కూర్చుని గాలం వెయ్యాలి, పడ్డ చేపను కొలవాలి, ఫోటో తియ్యాలి, మళ్లీ నీళ్లలో వదిలెయ్యాలి. "వొదిలీడానికి పట్టడమెందుకు?" అని రమణి మొదటిరోజే అడిగింది. పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న క్లబ్బులో ఇప్పటిదాకా ఒక్కరూ దానికి జవాబు చెప్పలేదు.

రమణిది ఆ ఊరే. నిరుడంతా సముద్రం ఒడ్డున రొయ్యల షెడ్డులో, ఐసుగడ్డల మధ్య నిలబడి రొయ్యల తలలు తీసింది. వేళ్ల కొనలు మొద్దుబారి ఇంటికొచ్చింది. పోటీలో దిగినవాళ్లలోంచే రిజర్వాయరు మీద గైడ్లను తీసుకుంటామని క్లబ్బు చాటింపు వేయించగానే, ఇక షెడ్డుకు రానని మేస్త్రీ మొహం మీదే చెప్పేసింది. మేస్త్రీ ఇంకో పిల్లను చూసుకున్నాడు. కాబట్టి పోటీలో చోటు దొరక్కపోతే రమణికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆమెను ఇందులోకి దించింది సోఫియా. అరకులో ఆటల టీచరు, రమణికి ఒకప్పుడు కబడ్డీ నేర్పింది. ఈ పోటీకి కొండ మీది మనిషి ఒకరు కమిటీలో ఉండాలని క్లబ్బు అధ్యక్షుడు రవిబాబే ఆమెను పిలిచాడు. పిలిచినందుకు తర్వాత చాలాసార్లు తల పట్టుకున్నాడు.

ఎందుకంటే రమణికున్నది మద్దిమాను తొలిచి చేసిన దోనె. "దోనె దోనే, కయాక్ కయాకే" అన్నాడు రవిబాబు. ఫ్యాక్టరీలో చేసినదే కయాక్ అన్నాడు. కయాక్ కనిపెట్టిన మంచుదేశపు వేటగాళ్లకు ఫ్యాక్టరీ ఎక్కడిదని సోఫియా అడిగింది. సరే, తెడ్డుతో నడిచేదే కయాక్ అన్నాడు. అలాగైతే మీ మేనల్లుడు కామేష్ సైకిలు తొక్కినట్టు పెడళ్లు తొక్కే పడవ సంగతేమిటని అడిగింది. అదిగో, అక్కడ దెబ్బ తగిలింది. మూడు మీటింగులు, ఎన్నో టీలు, రామాయణంలో పిడకల వేటలా ఏవేవో వాదనలు అయ్యాక, ఇద్దరూ ఒక మాట దగ్గరికొచ్చారు. కయాక్ అంటే, ఒక్క మనిషినే మోసేది. తెడ్డుతో గానీ పెడళ్లతో గానీ నడిచేది. ఇంజను లేనిది. నీళ్లు నిండినా మునగనిది. సోఫియాయే తన చేత్తో రాసింది. అందరూ సంతకాలు పెట్టారు.

ఆ నాలుగు ముక్కల్లో సోఫియా రెండు తప్పులు చేసింది. ఒకటి తెలిసి, ఒకటి తెలియక.

తెలిసి చేసింది ముందు చెప్తాను. "ఆ దోనెలో ఇద్దరు ఎక్కరు కదా?" అని రవిబాబు అడిగితే, "అబ్బే, రెండో మనిషి కాలు పెడితే ఒరిగిపోతుంది" అంది. మొన్న క్రిస్మస్‌కు అదే దోనెలో, రమణి వెనకాల, ఒళ్లో కేకు డబ్బా పెట్టుకుని అవతలి ఒడ్డున ఉన్న చర్చికి వెళ్లొచ్చింది ఎవరనుకున్నారు? ఆవిడే. మంచి పని కోసం చిన్న అబద్ధం అనుకుంది. అలా అనుకోనివాళ్లు ఎవరున్నారు గనక!

తెలియక చేసింది శనివారం పొద్దున బయటపడింది.

ఆ రోజు పడవల తనిఖీ. మంచు ఇంకా కొండల నడుములు పట్టుకునే ఉంది. జీపుల మీంచి ఎర్రవి, పచ్చవి, నీలంవి పడవలు దించి ఒడ్డున వరసగా పెట్టారు. అన్నిటికన్నా మెరుస్తున్నది కామేష్‌ది. నీలం రంగు, సోఫాలాంటి సీటు, అడుగున చేపలెక్కడున్నాయో చూపించే చిన్న తెర కూడాను. రవిబాబు చేతిలో టేపు పట్టుకుని ఒక్కో పడవనీ కొలుచుకుంటూ వచ్చి, వరస చివర నిలబడ్డ రమణి ముందు ఆగాడు. ఆమె ముందు బురద తప్ప ఏమీ లేదు.

"నీ పడవేదమ్మా?"

"అదిగో." రమణి గడ్డంతో నీళ్లవైపు చూపించింది.

ఒడ్డుకు కాస్త అవతల, నీళ్ల అడుగున, పాచిపట్టిన పొడుగాటి నీడ ఒకటి కనిపించింది. దాని కడుపు నిండా బండరాళ్లు.

కామేష్ ముందు నవ్వాడు. వాణ్ని చూసి మిగతావాళ్లూ నవ్వారు.

"మునిగిపోయిందా?" అన్నాడు రవిబాబు. ఆయన నవ్వలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

"ములిగిపోనేదు సారూ. మేమే ముంచినాం" అంది రమణి. "ఎండలేల బైటెడితే మాను పగిలిపోద్ది. రాళ్లేసి నీట్లో ఉంచితే పచ్చిగుంతాది. పనున్నపుడు రాళ్లు తీసి, నీళ్లు తోడి ఎక్కుతాం. మా తాతలకాడి నుంచి అంతే."

"అంటే ఇప్పుడు దీని నిండా నీళ్లున్నాయి. ఇది మునిగి ఉంది." రవిబాబు కళ్లజోడు సరిచేసుకున్నాడు. "సోఫియా గారూ, నాలుగో ముక్క ఒకసారి గుర్తు చేసుకోండి."

"రాళ్లున్నాయి కాబట్టి మునిగింది సార్. రాళ్లు తీస్తే అదే లేస్తుంది. కర్ర కదా!" అని సోఫియా చెప్పులు విడిచి తనే నీళ్లలోకి దిగింది. రమణి ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఇద్దరూ వంగి రాళ్లు తీశారు. ఆఖరి రాయి తీశాక దోనె అడుగు నుంచి ఒళ్లు విరుచుకుంటున్నట్టు కొంచెం లేచింది. అంతే. నీటి పైకి రాలేదు. ఏళ్లతరబడి నీళ్లు తాగిన మాను, నీళ్లకన్నా బరువెక్కి కూర్చుంది.

సోఫియా మోకాళ్ల లోతులో అలాగే నిలబడిపోయింది. కర్ర తేలుతుందని మూడో క్లాసు పిల్లలకు కూడా తెలుసు. నానిన కర్ర మాటేమిటని టీచరమ్మకు తట్టలేదు. ఈ దోనె ఎండాకాలం ఎక్కడుంటుందని కూడా ఆమె ఎన్నడూ అడగలేదు. తను ఎక్కింది క్రిస్మస్‌కు, అప్పటికి తోడి, తుడిచి, గడ్డి పరిచి ఉంచారు.

"ఈ రూలు దోనెల కోసమే పెట్టారు కదూ మీరు?" అని రవిబాబు మీద విరుచుకుపడింది. తప్పు మనదైనప్పుడు గొంతు పెద్దదవుతుంది, అది లోకరీతి.

"సేఫ్టీ కోసం పెట్టాను. రేపు ఎవరికైనా ఏమైనా అయితే వాళ్ల అమ్మకు జవాబు చెప్పాల్సింది నేను" అన్నాడు రవిబాబు. "ఇంకోటి. నేను అడిగాను, 'ఇది మీవాళ్లకు ఇబ్బందేమో' అని. 'కర్ర మునగదు సార్, రాసేద్దాం' అన్నది మీరు."

సోఫియా ఆ మాట నిజంగానే అంది. దోనెను ఒప్పుకున్నందుకు బదులుగా ఆయన అడిగింది ఇదొక్కటే అని, చవకలో బేరం కుదిరిందని సంబరపడింది కూడా.

రవిబాబు మనసు అంత రాయి కాదు. "భోజనాలయ్యాక అన్ని పడవలకూ నీళ్లు నింపి చూస్తాం. మావాటికీ అదే రూలు. ఈలోపు మీరేం చేసుకుంటారో చేసుకోండి" అని టేపు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

రమణి ఊళ్లోకి నడిచింది. సోఫియా తడి చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. పైకి ఎక్కే దారంతా పిలుస్తూనే ఉంది. రమణి వెనక్కి తిరగలేదు. ఇంటి అరుగు మీద రమణి మామ్మ దేముడమ్మ చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. దోనె ఆవిడదే. మొగుడు చేసి ఇచ్చి పోయాడు. మనవరాలి నడక చూసి చాట ఆపింది.

"ఏటైనాదే?"

అప్పుడు తిరిగింది రమణి. తిరిగింది మామ్మవైపు కాదు.

"ఏటి సేసినారు టీచరమ్మా మీరు?"

"రమణీ, నాకు తెలీదే..."

"తెలీదా? తెలీకపోతే అడగాలా, వద్దా? ఈ కొండెక్కి వొచ్చినపుడల్లా మా ఇంట అంబలి తాగినారు. ఒక్కపాలి, ఒక్కపాలంటే ఒక్కపాలి, 'రమణీ, దోనెలో నీళ్లు నిండితే ఏటవుద్దే' అని అడిగుంటే సెప్పుదును కదా! మా ఊళ్లో ఏడేళ్ల గుంటడైనా సెప్పును!"

"నీ కోసమే కదే నేను అన్ని మీటింగుల్లో వాళ్లతో గొడవపడింది. స్కూలు మానుకుని, అందరి చేతా మాటలు పడి..."

"నా కోసం మాటాడినారు. నాతోటి మాటాడనేదు. దోనె మాది, ములిగితే ములిగేది మేము. సంతకమేమో మీది!"

సోఫియాకు కోపం వచ్చింది. ఈ పిల్ల మీద వచ్చింది, రవిబాబు మీద వచ్చింది, నీళ్లు తాగి బరువెక్కిన ఆ మాను మీద కూడా వచ్చింది. ఎవరి మీద రావాలో వాళ్ల మీదికి మాత్రం ఆఖర్న వచ్చింది. వచ్చాక అరుగు మీద చతికిలబడింది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చినా బాగుండేది, కాస్త బరువు దిగేది.

"పోనీ ఇప్పటినుంచీ ఎండలో పెడితే?" అంది మెల్లగా.

"సాయంత్రానికి నిలువునా సీలిపోద్ది. అపుడు పోటీ నేదు, దోనే నేదు."

"నూనె డబ్బాలు ఖాళీవి లోపల కడితే?"

"రిజర్వాయరులోకి పిలాస్టిక్కు తేకూడదని బోర్డెట్టినారు కదా మీ కలబ్బోళ్లు."

ఆ బోర్డు మీది అక్షరాలు కూడా సోఫియావే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఇదంతా వింటూ చోళ్లలో రాళ్లేరుతున్న దేముడమ్మ తలెత్తకుండానే అడిగింది. "ఆ నీలం పడవ నీళ్లు నిండితే ములగదేటి?"

"మునగదు మామ్మా. దాని ఒళ్లు డొల్ల. లోపలంతా గాలి ఉంటుంది."

"గాలేనా?"

"గాలే."

దేముడమ్మ చాట పక్కన పెట్టి చూరు వంక చూసింది. వాసానికి వరసగా ఎండిన ఆనపకాయ బుర్రలు వేలాడుతున్నాయి. కడివెడేసి బుర్రలు, మూతులు తేనెమైనంతో మూసి ఉన్నాయి. లోపల వచ్చే పంటకు విత్తనాలు. విత్తనాల పండగ నాడు ఊరంతా కలిసి అమ్మవారి ముందు దించేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే మొలక రాదంటారు.

రమణికి ఆ చూపు అర్థమైంది. "వొద్దు మామ్మా. ఊరు ఊరుకోదు."

"ఊరికి నాను సెప్పుకుంతాను."

"అమ్మోరికో?"

"అమ్మోరికి నీకన్నా నానే ముందు తెలుసు." దేముడమ్మ లేచి, ముక్కాలిపీట లాక్కుని, మొదటి బుర్ర దించింది. దించాక కళ్లు మూసుకుని, "అమ్మా, విత్తనం నీదే, సాటలో పోసుంచుతన్నాను. బుర్ర ఒక్కటే అప్పిస్తన్నావు. కోపగించీకు తల్లీ" అని గొణిగింది. మైనం పెళ్లగించి విత్తనాలు చాటలో పోసింది. మళ్లీ మూతి మూసి, నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

సోఫియా లేచి సాయం చేయబోయింది. చెయ్యి చాచాక ఏదో గుర్తొచ్చి ఆగి, "మామ్మా, నేను ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

"ఇపుడు అడిగినావు" అంది దేముడమ్మ. "ముట్టుకో. బేగి కానియ్యండి."

మధ్యాహ్నానికి విషయం ఊరంతా పాకింది. పక్కింటి సోములమ్మ వచ్చి పండగ కాకుండా విత్తనం దించావని దేముడమ్మను నానా మాటలూ అంది. అంటూనే తమ ఇంటి బుర్రలు రెండు తెచ్చి అరుగు మీద పడేసింది. కొండమనుషుల కోపతాపాలు అలాగే ఉంటాయి, మాట ఒక దారి, చెయ్యి ఒక దారి. దోనెను ఒడ్డుకు లాగి, నీళ్లు తోడి, అడ్డతీగ నార తాళ్లతో బుర్రలను దోనె ముక్కు లోపల కొన్ని, వెనకవైపు కొన్ని కదలకుండా బిగించారు.

భోజనాలయ్యాక ఒడ్డున జనం గుమిగూడారు. రమణి దోనెను నడుముల్లోతుకు తోసి, ఎక్కి కూర్చుంది. క్లబ్బు కుర్రాళ్లు బకెట్లతో నీళ్లు పోశారు. దోనె దిగింది. ఇంకా దిగింది. అంచు నీటికి సమానమైంది. సోఫియా తన మెడలోని సిలువను గుప్పిట్లో పట్టుకుంది. నీళ్లు రమణి పొట్టదాకా వచ్చాయి. అక్కడ దోనె ఆగింది. రవిబాబు నీళ్లలోకి దిగి అంచు మీద చెయ్యేసి గట్టిగా నొక్కాడు. దిగింది, చెయ్యి తీయగానే లేచింది.

"లోపల ఏం కట్టారు?"

"గాలి" అంది రమణి.

రవిబాబు వంగి బుర్రలను వేలితో కొట్టి చూశాడు. ఆయన మొహంలో నవ్వులాంటిది కదిలింది. "పాస్" అని, నంబరు బిళ్ల తీసి ఆమె చేతికిచ్చాడు. ఒడ్డున దేముడమ్మ, సోములమ్మ కలిసి అరిచిన అరుపుకు అవతలి కొండ మీది గేదెలు తలెత్తాయి. సోఫియా రమణిని చూసి నవ్వింది. రమణి నవ్వలేదు గానీ, మొహం తిప్పుకోనూ లేదు. పొద్దుటినుంచి దొరికిన మొదటి మంచి సంగతి అదే.

రమణి దోనెలో నీళ్లు తోడేస్తుండగా కామేష్ వంతు వచ్చింది. పడవ తొక్కుకుంటూ లోపలికి పోయాడు. "ఇక్కడే ఆగరా, లైఫ్ జాకెట్ వేసుకోరా!" అని రవిబాబు అరిచాడు. "ఒడ్డు పక్కనేగా మామయ్యా" అని వాడు ఫోను పైకెత్తి తన వీడియో తానే తీసుకుంటున్నాడు. ఒడ్డు పక్కనే, నిజమే. కానీ అది ఆనకట్ట కట్టకముందు గెడ్డ, అంటే కొండవాగు, పారిన చోటు. రెండడుగులు దాటితే అడుగు అందదు, కింద నీళ్లలో చచ్చిన చెట్ల మోళ్లు.

నీళ్లు నింపాల్సిన పని కూడా పడలేదు. ఆ పడవ వెనక, కడిగిన నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నం ఒకటుంది. దానికి మరబిరడా. జీపు మీద తెచ్చేటప్పుడు తీసిన బిరడా జీపులోనే ఉండిపోయింది. వాడు తొక్కుతున్నంతసేపూ ఆ డొల్ల ఒళ్లు గుటగుటా నీళ్లు తాగుతూనే ఉంది. వీడియోలో నవ్వుతున్నవాడి వీపు వెనక పడవ తోక కనిపించకుండా పోయింది. ఆ తర్వాత పడవ పక్కకు తిరగబడింది. పెడళ్ల పట్టీల్లో పాదాలు ఇరుక్కున్నాయి. ఫోను మునిగింది, చెయ్యి ఒకటి పైకి లేచింది, అదీ మునిగింది.

రవిబాబు "కామేష్!" అని చొక్కాతోనే నీళ్లలో పడ్డాడు. ఆయనకు ఈత వచ్చు గానీ ఊపిరి చాలదు. ఆయన సగం దూరం పోకముందే రమణి దోనె ఆయన్ని దాటి పోయింది. ఆమె వాడి మీద వంగి, నీళ్లలో భుజం దాకా చెయ్యి ముంచి, పట్టీలు లాగి తెంపింది. జుట్టు పట్టి పైకి లాగింది. వాడు దగ్గుతూ, ఏడుస్తూ దోనె అంచు పట్టుకున్నాడు.

ఒడ్డున ఉన్న సోఫియాకు అప్పుడొక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన తనకు ఎలా వచ్చిందా అని తర్వాత ఎన్నో రాత్రులు ఆమె తనను తాను తిట్టుకుంది. కానీ ఆ క్షణంలో అది ఆలోచనగా ఆగలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"లోపలికి ఎక్కించకు రమణీ! అంచు పట్టుకోమను! ఎక్కించకు!"

నీళ్ల మీద మాట బాగా వినబడుతుంది. అందరూ విన్నారు. ఈదుతున్న రవిబాబు తల తిప్పి చూశాడు.

రమణి కూడా చూసింది, ఒక్క చూపు. తర్వాత కామేష్ నడుం పట్టుకుని దోనెలోకి ఈడ్చి పడేసింది. వాడు ఆమె కాళ్ల దగ్గర మూటలా పడ్డాడు. దోనె ఒరగలేదు. కొంచెం ఊగి, సర్దుకుని, ఇద్దర్నీ మోసుకుంటూ ఒడ్డుకు వచ్చింది. ఊరి ఆడవాళ్లకు అందులో వింతేమీ లేదు. సంతకు పోయేటప్పుడు ఇద్దరూ, నడుమ కోళ్ల గంపా ఎక్కే దోనె అది.

రవిబాబు మేనల్లుడి వీపు మీద రెండు దెబ్బలు వేసి, వాణ్ని గుండెకు హత్తుకుని చాలాసేపు వదల్లేదు. వదిలాక నిలబడ్డాడు. బట్టలన్నీ కారుతున్నాయి. రమణికి చేతులు జోడించాడు. ఆ తర్వాత దోనెను చూశాడు, సోఫియాను చూశాడు.

"రెండో మనిషి కాలు పెడితే ఒరిగిపోతుందన్నారు మీరు" అన్నాడు. కోపం లేదు గొంతులో. కోపమే ఉంటే సోఫియా దేనికో దానికి జవాబు చెప్పగలిగేది. "అందుకేనా, ఎక్కించకు అని అరిచారు?"

రమణి దోనె దిగి, నడుముకు కట్టుకున్న నంబరు బిళ్ల విప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇద్దరం ఎక్కినాం సారూ. అందరూ సూసినారు. ఇపుడు సెప్పండి, ఇది కయాకేనా, కాదా?"

రవిబాబు బిళ్ల తీసుకోలేదు. "నా పిల్లాణ్ని తెచ్చిన పడవకు నేను కాదని ఎలా చెప్పనమ్మా? అవునని చెబితే మిగతావాళ్లకు నేనేం చెప్పను?" తడి చేత్తో మొహం తుడుచుకుని సోఫియావైపు తిరిగాడు. "రాసింది ఆవిడ. ఒక్క మనిషే అని పూచీ పడిందీ ఆవిడే. ఆవిడనే చెప్పమను. ఆవిడ మాటే ఆఖరు మాట."

సోఫియా రెండు జవాబులూ తూచి చూసుకుంది. అవునంటే తను అన్నది అబద్ధమని తెలిసీ మళ్లీ అబద్ధమాడినట్టు. కాదంటే ఒక ప్రాణం కాపాడిన పిల్లను తన నోటితోనే రొయ్యల షెడ్డుకు తోసినట్టు, అక్కడ కూడా చోటు లేకుండా. రెండిట్లో ఏదో ఒకటి అనేద్దామని, ఎలాగో ఈ నరకం ముగించేద్దామని, నోరు తెరిచింది.

"ఆగండి టీచరమ్మా" అంది రమణి. "ఈపాలైనా, సెప్పేముందు నన్ను అడగండి."

సోఫియా తెరిచిన నోరు మూసుకుంది. బురదలో నాలుగడుగులు నడిచి రమణి ఎదురుగా వచ్చి నిలబడింది. అందరూ వినేలాగే అడిగింది.

"ఏం చెప్పమంటావు రమణీ?"

రమణి తెడ్డు ఒడ్డున గుచ్చింది. ఒడ్డున నిలబడ్డ మామ్మను ఒకసారి, ఖాళీ బుర్రలు కట్టిన దోనెను ఒకసారి చూసి, జవాబు చెప్పడానికి రవిబాబు వైపు తిరిగింది. ఏం చెప్పిందో వచ్చే వారం.